ఊరెళ్ళిందన్నాను

ఆదివారం రాత్రి, సోనారి

మా ఆవిడ సరోజ పోయాక ఈరోజే మొదటిసారి కూరల మార్కెట్‌కి వెళ్ళాను. ఆమె ఎప్పుడూ కొనే గౌరి దగ్గరే గోంగూర తీసుకున్నాను.

"ఏటి బాబూ, అక్క రానేదా?" అంది.

"ఊరెళ్ళింది" అన్నాను.

"నాకు సెప్పకుండానా? పలాసలో మాయమ్మకి సీర పంపుదును కదా! ఎప్పుడెల్నా అక్క నన్నడక్కుండా ఎల్నేదు."

గౌరి మొహం చిన్నబోయింది. రోజూ సరోజకి వేసే కొసరు కరివేపాకు నా సంచిలో పడలేదు.

నిజానికి ఇన్నాళ్ళూ ఆ కబురు చెప్పడానికి నాకు మాటల కొరత లేదు. ఆఫీసులో ఎక్స్‌పైర్డ్ అని రాసిచ్చాను. పక్కింటివాళ్ళతో గుజర్ గయీ అన్నాను. కింది వాటా ఒడియా ఆవిడ చాలిగలే అని తనే అంటే తలూపాను. చుట్టాలకు ఫోన్‌లో కాలం చేసిందని చెప్పాను. అన్నీ మర్యాదైన మాటలే. వాటి వెనక నిలబడితే గొంతు వణికేది కాదు. గౌరి అచ్చం సరోజ యాసలో అడిగేసరికి వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు. ఆ యాసలో నాకు తెలిసింది 'సచ్చిపోనాది' ఒక్కటే.

ఊరెళ్ళిన ప్రతిసారీ గౌరి ఇచ్చే మూటకి పెట్టెలో చోటుంచిన మనిషి. చెప్పకుండా వెళ్ళిపోయిందన్న నింద ఆమె మీద నావల్ల పడింది. రేపు పొద్దున్నే వెళ్ళి తీసెయ్యాలి.

ఇందాక వంటింట్లో గోంగూర వలుస్తూ ఆ మాట పైకి అని చూశాను. సగం దాకా వచ్చింది.