ఆమెన్ అన్న తరువాత

నవంబర్ 25, 1986. మంగళవారం.

లంచ్ టైమ్‌లో నేను పనిచేసే లైబ్రరీ వెనక గదిలో రేడియో పెట్టారు. ఇరాన్‌కి రహస్యంగా ఆయుధాలు అమ్మారనీ, ఆ డబ్బులో కొంత నికరాగువాలో తిరుగుబాటుదార్లకి మళ్ళిందనీ అమెరికా గవర్నమెంటే బయటపెట్టింది. ఇద్దరు ఆఫీసర్లు పోయారు. ఒకాయన రాజీనామా, ఇంకొకాయన డిస్మిస్. ప్రెసిడెంట్‌కి మాత్రం డబ్బు మళ్ళిన సంగతి తెలియదట.

ఆయుధాలిచ్చి బందీలైన అమెరికన్లని విడిపించుకోవడం లేదని రెండు వారాల క్రితం టీవీలో చెప్పింది ఈయనే. నేను నమ్మాను. గుంటూరులో ఎనిమిదేళ్ళు హిస్టరీ లెక్చరర్‌గా పని చేసినదాన్ని, ఒక మనిషి కెమెరాలోకి సూటిగా చూశాడని నమ్మాను. ఇవాళ కోపం ఆయన మీద సగం, నా మీద సగం.

ఇంటికి రాగానే మా ఆయన జోసఫ్ చెప్పాడు. దేవకుమార్ అన్న ఫోన్ చేశాడు, ఎల్లుండి థాంక్స్‌గివింగ్‌లో ఈ గొడవ ఎత్తొద్దని నీకు చెప్పమన్నాడు అని. నేనే ఎత్తుతానని ఆయనకెందుకు తోచింది అన్నాను. నీ మొహం చూసిన ఎవరికైనా తోస్తుంది అన్నాడు.

నవంబర్ 27. సాయంత్రం ఏడు.

ఎత్తింది నేను కాదు, ఆనందబాబు.

మా చర్చిలోని డాక్టరు దేవకుమార్ గారింట్లో టీవీ పైన ప్రెసిడెంట్ దంపతుల ఫోటో ఉంటుంది, ఫ్రేమ్ కట్టి. కింద సంతకం. ప్రెసిడెంట్ పార్టీకి చందా ఇచ్చినవాళ్ళకి పంపిస్తారు. ఆనందబాబు పోస్టాఫీసులో పని చేస్తాడు, యూనియన్ మనిషి, పక్కా డెమొక్రాట్. ప్లేటు పట్టుకుని ఆ ఫోటో ముందు నిలబడి, డాక్టరు గారూ, ఈ సంతకం ఆయనే పెట్టాడా, మెషిన్ పెట్టిందా, లేక పెట్టినట్టు గుర్తు లేదంటాడా అని అడిగాడు.

టర్కీ కోస్తున్న దేవకుమార్ గారు కత్తి ఆపారు. మీ పార్టీ పాత ప్రెసిడెంట్, ఆ వేరుశనగల ఆసామి, మనవాళ్ళు బందీలుగా ఉన్న నాలుగు వందల నలభై నాలుగు రోజులు ఏం పీకాడయ్యా టెహరాన్‌లో అన్నారు. ఏమీ పీకలేదు గానీ మీవాళ్ళలా ఇరాన్‌కి కేకూ క్షిపణులూ కట్టి పార్సిల్ కూడా పంపలేదు, పార్సిళ్ళ సంగతి నాకు తెలుసు అన్నాడు ఆనందబాబు. అందరూ నవ్వారు. అంతటితో పోవలసింది.

అప్పుడు నేను అన్నాను. తెలిసి చేశాడంటే అబద్ధమాడినట్టు, తెలియదంటే ఇల్లు చూసుకోలేనట్టు, మీకు ఏది కావాలి అన్నయ్య గారూ అని.

ఆయన నా వైపు ప్రేమగానే చూశారు. అమ్మా విమలా, నీకు ఓటుందా అన్నారు. లేదు, గ్రీన్ కార్డే అన్నాను. మరి ఓటు లేనిదానివి నీకెందుకమ్మా ఇంత ఆయాసం, టర్కీ తిను అన్నారు.

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. జోసఫ్ కూడా.

డిసెంబర్ 2.

ప్రెసిడెంట్‌కి జనామోద రేటింగ్ నూటికి అరవై ఏడు నుంచి నలభై ఆరు. నెల తిరిగేసరికి ఇరవై ఒక్క పాయింట్లు పడింది. పేపర్లో ఆ అంకె మూడుసార్లు చదువుకున్నాను. ఏదో మిఠాయి తిన్నట్టుంది. ఇది మంచి లక్షణం కాదు.

డిసెంబర్ 14. ఆదివారం.

వరసగా రాస్తాను, లేకపోతే నాకే అర్థం కాదు.

మా తెలుగు ఫెలోషిప్ పద్నాలుగు కుటుంబాలు. ఇర్వింగ్‌లో ఒక అమెరికన్ చర్చి వాళ్ళు రెండో ఆదివారం, నాలుగో ఆదివారం సాయంత్రం నాలుగింటికి వాళ్ళ హాలు మాకు ఇస్తారు. దేవకుమార్ గారు సంఘ పెద్ద. పాట తరువాత, ప్రసంగానికి ముందు, అధికారుల కొరకు ప్రార్థన ఉంటుంది. దానికి వంతులున్నాయి. ఇవాళ నాది.

ఆ ప్రార్థన నాకు చిన్నప్పటినుంచి కంఠతా. మా నాన్నగారు బాపట్ల దగ్గర పాదిరిగా ఉండేవారు. యుద్ధకాలంలో ఇంగ్లండు రాజు కోసం చేసిన ప్రార్థననే, స్వాతంత్ర్యం వచ్చాక పేరు మార్చి నెహ్రూ కోసం చేశారు. మిగతాదంతా అదే. ఆయురారోగ్యములు, జ్ఞానము, వివేకము. మేం ఇక్కడికి వచ్చాక నేను పేరు మళ్ళీ మార్చాను. పన్నెండేళ్ళలో ముగ్గురు ప్రెసిడెంట్లకి అది సరిపోయింది. ఒక్కో మనవి చివర అందరూ కళ్ళు మూసుకునే ఆమెన్ అంటారు. వినకుండానే అంటారు. నేనూ అంతే.

ఇవాళ ఆరోగ్యం అడిగాను. ఆమెన్. జ్ఞానం అడిగాను. ఆమెన్. ఆ తరువాత అదే గొంతుతో, అదే రాగంతో ఇలా అన్నాను: ప్రభువా, ఈ దేశాధ్యక్షునికి జ్ఞాపకశక్తిని దయచేయుము. తాను ఎరిగినదానిని ఎరుగనని పలుకకుండ అతని నోటిని కాపాడుము. అధికారము పోవునను భయముకంటె అబద్ధమాడుచున్నానను భయము అతనికి ఎక్కువగా కలుగజేయుము.

ఆమెన్ అన్నారు. పద్నాలుగు కుటుంబాలూ. దేవకుమార్ గారి ఆమెన్ అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా.

తరువాత హాలంతా కదిలింది. కుర్చీలు చప్పుడు చేశాయి. ఆనందబాబు దగ్గు వచ్చినట్టు నటించాడు. దేవకుమార్ గారు కళ్ళు తెరిచి, ఎవరో జేబులో చెయ్యి పెట్టినట్టు చూశారు.

డిసెంబర్ 15.

పొద్దుట్నుంచి ఫోన్లు.

ఆనందబాబు: సిస్టర్, అదరగొట్టారు, వచ్చేసారి ఆ నికరాగువా సంగతి కూడా కలపండి. నేను మీ పార్టీ తరఫున ప్రార్థన చేయలేదు అన్నాను. సరే సరే, పార్టీ పేరు ఎత్తకుండానే కలపండి అన్నాడు.

లూసీ వదిన, అంటే దేవకుమార్ గారి భార్య, గొంతు తగ్గించి మాట్లాడింది. మీ అన్నయ్య తన ఆమెన్ వెనక్కి తీసుకున్నానని నిన్న కార్లో హైవే పొడుగునా చెప్తూనే ఉన్నారు. నాదీ తీసుకోమన్నారు. ఒకసారి అన్నది ఎలా తీసుకుంటారండీ, కక్కుతామా అన్నాను అంది. పిట్ట కూసినట్టు నవ్వి ఫోన్ పెట్టేసింది.

డిసెంబర్ 20.

దేవకుమార్ గారు ఇంటికి వచ్చారు. టీ పుచ్చుకున్నారు. మా అమ్మాయి నవోమిని దగ్గరికి పిలిచి పదహారేళ్ళు నిండాయా, డ్రైవింగ్ వచ్చిందా అని అడిగారు. తరువాత కోటు జేబులోంచి కాగితం తీశారు. స్వహస్తాలతో రాసిన ప్రార్థన, ముత్యాల్లాంటి అక్షరాలు. ఇకమీదట అధికారుల ప్రార్థన వంతు ఎవరిదైనా ఇదే చదవాలి. పైగా జనవరి మొదటి కూడికలో నేను లేచి, మొన్న పొరపాటు జరిగిందని చెప్పాలి. లేకపోతే వంతుల్లో నా పేరుండదు.

పొరపాటు ఎక్కడుంది, అబద్ధం వద్దని అడగడం పొరపాటా అన్నాను.

అడిగింది కాదమ్మా, అడిగిన తీరు అన్నారు. కళ్ళు మూసుకున్నవాళ్ళ చేత సంతకం పెట్టించుకున్నావు. నాతో వాదించాలంటే నా ఎదురుగా కూచుని వాదించు, ప్రభువును వకీలుగా పెట్టుకుని కాదు.

 జవాబు జోసఫ్ చెప్పాడు. చెబుతుందన్నా, నేను చెప్పిస్తాను అన్నాడు.

ఆయన వెళ్ళాక పోట్లాడుకున్నాం. డెబ్భై నాలుగులో సూట్‌కేసులతో దిగినప్పుడు ఆరు వారాలు తన అపార్ట్‌మెంట్లో పెట్టుకున్నాడు, నవోమికి జ్వరమొస్తే పక్కన కూచున్నాడు, ఆయన కోసం ఒక్క మాట అనలేవా అన్నాడు జోసఫ్. ఆయన కోసం వంద పనులు చేస్తాను, తప్పు కానిదాన్ని తప్పని మాత్రం అనను అన్నాను. నవోమి మెట్ల మీంచి ఇంగ్లీషు తెలుగులో, మమ్మీ రైట్, డాడీ, అంకుల్ చెప్తే ట్రూత్ చేంజ్ అవదు అంది. నువ్వు హోమ్‌వర్క్ చేసుకో అని ఇద్దరం ఒకేసారి అన్నాం.

డిసెంబర్ 21.

సంతకం పెట్టించుకున్నావు అన్న మాట మనసులోంచి పోవడం లేదు.

ఎవరికీ చెప్పనిది ఇక్కడ రాస్తున్నాను. ఆ రోజు ప్రార్థన చేస్తున్నంతసేపూ నా కళ్ళు తెరిచే ఉన్నాయి. దేవకుమార్ గారి మొహాన్నే చూస్తూ చేశాను. ఆయన నోరు ఆమెన్ కోసం తెరుచుకునే క్షణం కోసం కాచుకున్నాను. టర్కీ తినమని ఆయన చెప్పిన రోజునుంచీ కాచుకునే ఉన్నానేమో.

అలాంటప్పుడు అది ప్రార్థనేనా? మాట మాత్రం నిజం. ఇప్పుడైనా అదే మాట అంటాను. కాని ఎవరి కోసం అన్నాను?

జనవరి 5, 1987.

ఇవాళ ప్రెసిడెంట్‌కి ఆపరేషన్. క్షేమంగా బయటపడాలని ప్రార్థించాను. కళ్ళు మూసుకుని.

జనవరి 11. ఆదివారం.

లేవలేదు. చెప్పలేదు. కొత్త వంతుల కాగితం తలుపు దగ్గర అతికించారు, అందులో నా పేరు లేదు. ఆ కాగితం ముందు కోటు వేసుకుంటూ కావలసినంతసేపు నిలబడ్డాను. వెనకనుంచి వచ్చిన వాళ్ళు ఆగవలసి వచ్చింది. ఆగనీ.

దేవకుమార్ గారి ప్రార్థన ఆనందబాబు చదవాల్సి వచ్చింది. పెద్దాయన శత్రువులపై జయము అని రాసినచోట ఏ శత్రువులో స్పెసిఫై చేయలేదు సిస్టర్, నన్ను నేను మినహాయించుకుని చదివాను అన్నాడు బయట పార్కింగ్ లాట్‌లో.

జనవరి 25.

వెళ్ళాను. రెండో వరసలో కూచున్నాను. మానేస్తే సుఖంగా ఉంటుందని జోసఫ్ అన్నాడు. ఎవరికి అని అడిగాను.

ఫిబ్రవరి 8.

వెళ్ళాను. రెండో వరస.

ఫిబ్రవరి 26. గురువారం.

ఈ ఆయుధాల గొడవ మీద ప్రెసిడెంట్ వేసిన కమిషన్ రిపోర్టు వచ్చింది. కింది వాళ్ళు ఏం చేస్తున్నారో ప్రెసిడెంట్ పట్టించుకోలేదని మర్యాదగా రాశారు. లైబ్రరీలో నాతో పనిచేసే తెల్లవాళ్ళిద్దరు, ఒకరు ఆ పార్టీ, ఒకరు ఈ పార్టీ, కాఫీ మెషిన్ దగ్గర మాటలు మానేశారు. ఒకరు వస్తే ఇంకొకరు కప్పు తీసుకుని వెళ్ళిపోతున్నారు.

రేటింగ్ ఇంకా పడింది. ఈసారి మిఠాయి రుచి లేదు. ఆయన ముసలివాడైనట్టు కనిపించాడు, అంతే.

మార్చి 4. బుధవారం.

రాత్రి ఎనిమిదింటికి ప్రెసిడెంట్ ప్రసంగం కోసం ముగ్గురం టీవీ ముందు కూచున్నాం. ఆయుధాలిచ్చి మనుషుల్ని విడిపించుకోలేదని తన మనసు ఇంకా చెబుతోందట, ఆధారాలు మాత్రం కాదంటున్నాయట. పూర్తి ఒప్పుకోలు కాదు. ఒప్పుకోలుకి దగ్గరగా వచ్చి, గుమ్మంలో నిలబడ్డట్టు.

జోసఫ్ టీవీ కట్టేసి, నువ్వడిగింది కొంచెం జరిగినట్టుంది అన్నాడు. డిసెంబరు పోట్లాట తరువాత అతను నా ప్రార్థన సంగతి ఎత్తడం ఇదే.

గర్వపడలేదని రాస్తే అబద్ధం. అబద్ధాల మీద ఇంత రగడ చేసి డైరీలో ఒకటి రాయడం బాగుండదు.

మార్చి 8. ఆదివారం.

ఇవాళ పాట అవగానే దేవకుమార్ గారు సాక్ష్యం చెప్పడానికి లేచారు. డిసెంబరులో మన సంఘమంతా ఏకమనస్సుతో దేశాధ్యక్షుని నిజాయితీ కొరకు ప్రార్థించింది, మనమందరం ఆమెన్ అన్నాం, ప్రభువు ఆలకించాడు అన్నారు. ఏకమనస్సుతో. తడుముకోలేదు. ఆనందబాబు నోరు తెరుచుకుని ఉండిపోయాడు. లూసీ వదిన తల వంచుకుని చీర కుచ్చిళ్ళు లెక్కపెట్టుకుంటోంది.

తరువాత నా వైపు తిరిగి, ఇవాళ సిస్టర్ విమలకుమారి ప్రార్థనలో నడిపిస్తారు అన్నారు. చిరునవ్వుతో. కాగితం ఇవ్వలేదు. రాజీ అన్నమాట. నేను లేచి కళ్ళు మూసుకుంటే చాలు, అన్నీ సర్దుకుపోతాయి. జోసఫ్ మోచేత్తో మెల్లగా పొడిచాడు, లెమ్మని.

లేచాను. కళ్ళు మూసుకోలేదు.

ప్రార్థనకి ముందు ఒక మాట చెప్పాలి అన్నాను. ఆ రోజు నా కళ్ళు తెరిచే ఉన్నాయి. అన్నయ్య గారి మొహం చూస్తూ, ఆయన్ని ఓడించడానికి చేశాను. ప్రెసిడెంట్ రేటింగ్ పడిందంటే సంతోషించాను కూడా. ఈ రెంటికీ క్షమించమని మిమ్మల్నందరినీ అడుగుతున్నాను. ఆ మాటలకి మాత్రం అడగను. అవి పొరపాటు కావు. మళ్ళీ నా వంతు వస్తే, ఏ పార్టీవాడు ఆ కుర్చీలో ఉన్నా, అవే అంటాను, నా మాటల్లోనే. ఇష్టం లేనివాళ్ళు ఆమెన్ అనొద్దు. అది మనం ఏకమనస్సుతో చేసింది కాదు. మీరెవరూ వినలేదు.

 చెప్పి, ప్రార్థన చేయకుండానే కూచున్నాను.

దేవకుమార్ గారి చిరునవ్వు పోయింది. కోపం వస్తుందనుకున్నాను. ఆయన పడ్డది నేనెప్పుడూ చూడని తడబాటు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, సరే, వచ్చేసారి వింటాం అన్నారు.

 ఇంటికి వచ్చాక జోసఫ్ గరాజ్‌లో ఇంజన్ ఆపి, థాంక్స్‌గివింగ్ రోజు నేను నవ్వకుండా ఉండాల్సింది అన్నాడు.

మార్చి 22. ఆదివారం.

నా వంతు. అవే మాటలు.

ముగించాక ఎవరూ ఆమెన్ అనలేదు. అవతల గదిలో ఫ్రిజ్ మోత వినిపించింది. కళ్ళు తెరిచాను. హాల్లో అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి, నన్నే చూస్తున్నాయి.

తరువాత లూసీ వదిన అంది. తరువాత ఇంకెవరో. ఒక్కొక్కరే, ఆలోచించుకుని. కొందరు అనలేదు.