బయటి గడియ

నూజివీడు

ప్రియమైన జెరూషా,

ఫోను అన్నయ్య లాక్కున్నాడు, అందుకే ఉత్తరం రాస్తున్నాను. పాలు పోసే బసవమ్మ పోస్టు చేస్తానంది. జవాబు ఆమె పేరు మీదే రాయి.

నాన్న పోయాక మామిడితోటలో నా వాటా తన పేర రాసిమ్మన్నాడు అన్నయ్య. ఇవ్వనన్నాను. మర్నాడే నా చక్రాల కుర్చీ కొట్టంలో పెట్టి తాళం వేశాడు. "ఇంట్లో నీకేం తక్కువైంది, ఎక్కడికెళ్ళాలి?" అంటాడు. ఈ పోలియో కాళ్ళతో గుమ్మం దాకా పాకితే బయట గడియ. అది పెట్టేది వదిన. నా మొహం చూడదు. బాత్రూముకి కూడా ఆవిడ తలుపు తీసేదాకా ఆగాలి. కాయల ట్రాక్టర్ల చప్పుడు వినబడుతుంది, తోట కనబడదు.

నీ
కాత్యాయని

మైలవరం

నా కాత్యాయనీ,

స్కూలుకి సెలవు పెట్టి లాయరు ప్రభాకరరావు గారిని కలిశాను. వికలాంగుల చట్టం కింద నీ కుర్చీ నీకందకుండా చేయడమే నేరమట. గదిలో బంధించడం ఇంకో నేరం. "ఇంటి గొడవ అంటారేమోనండీ" అన్నాను. "ఇంట్లో చేస్తే నేరం కాకుండా పోతుందా అమ్మా?" అన్నారు. ఎవరు ఫిర్యాదు చేసినా అధికారులు చూడాలట. నేను ఇస్తున్నాను. వాళ్ళొస్తే ఉన్నది చెప్పు.

ఎప్పటికీ నీ పక్కనే,
జెరూషా

నూజివీడు

జెరూషా,

వచ్చారు. అన్నయ్య ముందే నన్ను కుర్చీలో కూర్చోబెట్టి భుజం మీద చెయ్యేసి నిలబడ్డాడు. "బాగా చూసుకుంటున్నారా?" అని అడిగితే, "బాగానే చూస్తున్నాడండి" అన్నాను. జీపు కదలగానే కుర్చీ మళ్ళీ కొట్టంలోకి పోయింది. రేపట్నుంచి బసవమ్మని రావద్దన్నాడు. ఇంక రాయలేనేమో.

కాత్యాయని

నూజివీడు

ప్రియమైన జెరూషా,

నిన్న మళ్ళీ జీపొచ్చింది. నువ్వే పంపావనుకున్నాను. ఈసారి ఎస్సై పూజిత గారు అన్నయ్యని బయట ఉండమని, నన్ను ఒంటరిగా అడిగారు. అంతా చెప్పాను. సాక్షులున్నారా అని అడిగారు. అప్పుడు వదిన లోపలికొచ్చింది.

"ఫోన్ చేసింది నేనేనండి. గడియ పెట్టిందీ నేనే. ఆయన పెట్టమంటే పెట్టాను. నా పేరు కూడా రాసుకోండి."

అన్నయ్యని తీసుకెళ్ళారు. వదిన సంగతి విచారణలో తేలుతుందట. నన్ను వికలాంగుల ఆశ్రమానికి వెళ్తారా అని అడిగారు. ఇది నా ఇల్లు కూడానండి అన్నాను.

సాయంత్రం వదిన అన్నం పెడుతూ అంది, "ఆయన ఒప్పుకుంటే తప్ప మా అమ్మని చూడ్డానికి కూడా వెళ్ళలేకపోయేదాన్ని, కాత్యాయనీ." ఇన్నాళ్ళూ తలుపుకి అవతల ఆవిడ హాయిగా ఉందనుకున్నాను. కోపం పూర్తిగా పోలేదు. అయినా వాళ్ళమ్మని చూడ్డానికి తోడు వస్తానన్నాను. ఆవిడ పుట్టిల్లు చింతలపూడి. ఆదివారం ఇద్దరం కారు మాట్లాడుకుని వెళ్తున్నాం. విస్సన్నపేటలో ఆగుతాం, వచ్చి కనబడు.

నీ
కాత్యాయని