పెద్ద తుపాకీ బోల్టు

సెంబవాంగ్, ఆదివారం

ప్రియమైన మీకు,

ఈ ఉదయం హాల్లో పెద్ద తుపాకీ మీద, తూటా ఎక్కించే బోల్టు పిడి పక్కనున్న ఇత్తడిపైన ఒక బొటనవేలి ముద్ర కనిపించింది. నాది కాదు. నేను దాన్ని ముట్టుకోనని మీకు తెలుసు. శర్మిలది. నిన్న నూనె రాయడానికి వచ్చింది.

కొరియా షిప్‌యార్డుకు వెళ్తూ మీరు ఇల్లు నాకు అప్పగించారు, తుపాకీ నమూనాలు ఆమెకు. అవి హాలంతా ఆక్రమించాయి కాబట్టి నా పుస్తకాల బీరువా ఇంకా వంటింటి గుమ్మం పక్కనే ఉంది. పక్క ఫ్లాట్ సుభద్ర ఆంటీ వస్తే శర్మిలే అన్నీ చెప్పింది.

"పాతకాలంలో సిపాయిలకి పాఠం చెప్పడానికి చేశారు ఆంటీ. చివరి బెంచీవాడికి కూడా కనబడాలని అసలుదానికి రెండింతలు. పేలవు లా, భయం వద్దు," అంది, ఇక్కడివాళ్ళ అలవాటుగా మాట చివర 'లా' తగిలించి.

ఆంటీ నా వైపు తిరిగి, "మరి నీకేం తెలీదా అమ్మా?" అంది. నేను టీ తేవడానికి లోపలికి వెళ్ళాను.

మీ పోయిన ఉత్తరంలో నా పేరు పైన ఒకసారి ఉంది. ఆమె పేరు ఎన్నిసార్లుందో లెక్కపెట్టలేదు.

మీ
నిఖిల


ఉల్సాన్

నిఖీ,

పిచ్చిదానా, శర్మిలంటే కుళ్ళా? మలేషియాలో పుట్టిన తెలుగమ్మాయి, నాలాగే ఈ నమూనాల పిచ్చి. అంతకుమించి ఏమీ లేదు.

నీకు నేను నేర్పలేదా? పెళ్ళైన కొత్తలో తుపాకీ వెనక నిలబెట్టి, కుడిచేత్తో పిడి పైకెత్తి వెనక్కి లాగమన్నాను. రెండుసార్లూ ఇరుక్కుంది. నాకు నవ్వొచ్చింది. నువ్వు గదిలోకి వెళ్ళి పుస్తకం తీశావు. నీకు ఇష్టం లేదనుకుని మళ్ళీ అడగలేదు.

వచ్చే శనివారం కమ్యూనిటీ క్లబ్బులో మన నమూనాల ప్రదర్శన. పోలీసుల అనుమతి వచ్చింది. శర్మిల చూపిస్తుంది. నువ్వు వచ్చినవాళ్ళని కూర్చోబెట్టు, చాలు.

నీ చైతన్య


సెంబవాంగ్

ప్రియమైన మీకు,

కుర్చీలు వేస్తాను.

నిఖిల


ఉల్సాన్

నిఖీ,

శర్మిల మెసేజ్ పెట్టింది, "చూపించింది నేను కాదు, నిఖిల" అని. ఆటపట్టిస్తోందా? నువ్వు ఫోనులో ఎలాగూ మాట్లాడవు. వెంటనే రాయి.

చైతన్య


సెంబవాంగ్

ప్రియమైన మీకు,

ఆటపట్టించలేదు.

నేను కుర్చీలు వేస్తుంటే, అందరి ముందూ శర్మిల నన్ను పిలిచింది. "నాకు రాదు" అన్నాను.

"నువ్వు టీ పోస్తుంటే చూశాను లా. తుపాకీ వెనక కాదు, ఇటొచ్చి పిడి ఉన్న పక్కన నిలబడు. ఆ చేత్తోనే పట్టుకో."

పట్టుకున్నాను. పిడి పైకి లేచింది, బోల్టు ఖణ్‌మని జారింది. లోపల స్ప్రింగు, తూటా ఎక్కే దారి, అన్నీ కనిపించాయి. ముందు వరసలో మధుసూదనరావు అంకుల్ లేచి, "మళ్ళీ ఒకసారి లాగమ్మా, కళ్ళజోడు పెట్టుకుంటాను" అన్నారు. మళ్ళీ లాగాను. అడిగినవాళ్ళకు జవాబులు కూడా చెప్పాను. మీ తుపాకీల పుస్తకాలన్నీ ఎప్పుడో చదివేశాను.

శర్మిల మీద కుళ్ళు పోయిందనుకోకండి. ఇంకా పెరిగింది. రెండేళ్ళు నాతో ఒకే ఇంట్లో ఉండి మీరు చూడనిది, ఆమె మన ఇంట్లో నాలుగు కప్పులు టీ తాగి చూసింది. అది మీరు చూసి ఉండాల్సింది.

మీరొచ్చాక నాకేమీ నేర్పొద్దు. నేను చూపిస్తాను, మీరు కుర్చీలో కూర్చోండి. బీరువాను హాల్లోకి జరిపాను.

మీ
నిఖిల

తా.క. ఈసారి అక్షరాలు వంకరగా ఉన్నాయేమని, సిరా అలుక్కుందేమని అడుగుతారు. కాన్వెంటులో సిస్టర్ స్కేలు పట్టుకుని మాన్పించిన చేత్తో రాశాను. నాది ఎడమచేతివాటం.