ఎవరి మొక్కకు వాళ్ల పేరు

జూలై 8
నేను విద్యావాలంటీర్‌గా చేరిన సిరిసిల్ల బడి వెనుక ఈరోజు ఇరవై రెండు మొక్కలు నాటించాను. పిల్లకో మొక్క, మొక్కకో పేరు అని ఒక కరపత్రంలో చదివాను. రేకు బోర్డుల మీద మూడో తరగతి పిల్లల పేర్లన్నీ నేనే పెయింట్ చేశాను. ఎవడో ఒకడు మొదలుపెట్టాలి కదా!

ఆగస్టు 7
మూడో తరగతి మమతారాణి వాళ్ల బాపు నడిపే సాంచాలు, అదే మరమగ్గాలు, బంద్ అయ్యాయి. మగ్గం పనికే ఇంటిల్లిపాదీ మహారాష్ట్రలోని భివండి పోతున్నారు. అన్నా, దసరాకు వస్తం, నా యాపచెట్టు పైలం అన్నది. జాగ్రత్తగా చూస్తానని మాటిచ్చాను.

ఆగస్టు 21, సాయంత్రం 5
జమ్మికుంటలో పర్యావరణ సభ అని పోయి, వారం తర్వాత వచ్చాను. వాన జాడే లేదు. ఇరవై ఒక్క మొక్కలు పచ్చగా ఉన్నాయి. మమత యాప ఒక్కటే పుల్ల!
పక్క మొక్క తారక్‌ది. నీళ్లెందుకు పోయలేదురా అంటే, గా మొక్క నాది కాదు గదన్నా, బోర్డు సూడు అన్నాడు.
నెత్తురు మరిగింది. బోర్డులన్నీ పీకి గోడ మూలకు విసిరికొట్టాను. అక్కడే ఉన్న పిల్లల్లో దీక్షిత ఏడుపు. పేర్లు పెట్టింది నువ్వే, పీకింది నువ్వే, గిదేం లొల్లి అన్నా అని అడిగింది.
ఇంటికొచ్చి ఆ కరపత్రం మళ్లీ చదివాను.

ఆగస్టు 22
నీది, నాది అని నేర్పింది నేనే.

ఆగస్టు 23
పిల్లలను కూర్చోబెట్టి ఒప్పుకున్నాను. మాటిచ్చి సభకు పోయింది నేను, మీరు కాదు అన్నాను. ఇంకా చెప్పబోతుంటే వంట చేసే యాదవ్వ వచ్చి, ఉపన్యాసం సాలు గని కొడుకా, బకెట్ పట్టు అని బియ్యం కడిగిన నీళ్లు చేతికిచ్చింది. తారక్ చెంబు ముంచుకున్నాడు. తన మొక్కను దాటిపోయి యాపకు పోశాడు. వాడి వెనుక మిగతా ఇరవై మంది!

ఆగస్టు 30
చిగురు!!
పుల్ల మొదట్లో ఎర్రగా రెండు ఆకులు. బడంతా గంతులు. నేనూ ఎగిరాను. చిన్నపిల్లలకన్న అధ్వాన్నం నువ్వు అన్నది యాదవ్వ.
పిల్లలు బోర్డులు మళ్లీ కావాలన్నారు. కుదరదన్నాను. దీక్షిత వినదు. నువ్వు పెయింట్ ఇయ్యి, ఇటు దిక్కు రాకు, మమత వచ్చిన్నాడు పెడ్తం అన్నది. పళ్లు కొరుక్కుంటూ ఇచ్చాను.

అక్టోబర్ 6
మమతారాణి వచ్చింది. ఇరవై రెండు బోర్డులూ చదివింది. అన్నింటి మీదా తన పేరే.
అమ్మో, గిన్నిటికి నేనే పొయ్యాల్నా అని, బకెట్ కోసం ఉరికింది.