తిరగేసిన తూము తలుపు

గ్రాన్‌ప్రే,
జూన్ 12, 1763.

పూజ్యురాలైన పెలజీ అక్కకు,

తమ్ముడు ఆన్సెల్మ్ దండాలు. ఈ ఉత్తరం నీకు చదివి వినిపిస్తున్న పుణ్యాత్ములకూ దండాలు. నేను క్షేమం. అలా రాయడం మర్యాద కనుక రాశాను, నా నడుము మాత్రం ఒప్పుకోవడం లేదు. మేరీలాండ్ తేమకు నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయో రాయించు.

యుద్ధం అయిపోయిందట. మన ఫ్రెంచి రాజూ వాళ్ళ ఇంగ్లీషు రాజూ సంతకాలు చేసుకున్నారట. కోటలో మా ఖైదీలందర్నీ నిలబెట్టి ఆ సంధి పత్రం చదివారు. ఎవరూ ఏడవలేదు. ముసలి సిప్రియాన్ మామ ఒక్కడే, ఇంతకీ ఎవడు గెలిచాడ్రా అని అడిగాడు. చెప్పాను. సర్లే, బఠాణీ చారు ఎప్పుడు పోస్తారో అది కనుక్కో ముందు అన్నాడు. ఇంగ్లీషు సైనికులు మన ఊరు ఖాళీ చేయించి నిన్ను ఓడెక్కించిన నాడు నేను అడవిలోకి పారిపోయాను. అడవిలో కొన్నేళ్ళు, ఖైదులో కొన్నేళ్ళు, మొత్తం ఎనిమిదేళ్ళు. ఓడిపోయామని బాధపడే ఓపిక కూడా లేదక్కా.

నీ పొలం ఇప్పుడు కనెక్టికట్ నుంచి వచ్చిన పెక్ అనే ఇంగ్లీషువాడిది. నువ్వు వెళ్ళాక వచ్చిన పెద్ద తుఫానుకు తెగిన కరకట్టను తనే పూడ్చుకున్నాడు. సముద్రం లోపలికి రాకూడదంటే తలుపు మూసెయ్యాలి కదా అని, తూము తలుపుకు మేకులు కొట్టించాడు! సముద్రం రాలేదు నిజమే. వాననీళ్ళు బయటికి పోయే దారి లేక పొలమంతా చెరువైంది. మామ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఒరేయ్, ఇంత తెలివిగలవాళ్ళ చేతుల్లోనా మనం ఓడిపోయాం అన్నాడు. నేనూ నవ్వాను. అది బాగుచెయ్యాల్సింది మేమేనని తర్వాత తెలిసింది.

పొద్దున్నే కోట నుంచి బండిలో తోలుకొస్తారు. ఆటు ఉండగానే బురదలో దిగి, గడ్డిపెళ్ళలు కోసి పేర్చి, పోటు రాకముందే గట్టెక్కాలి. నాన్న కట్టిన కట్టకు నేను ఖైదీనై మట్టి మోస్తున్నాను. మేకులు పీకి నీళ్ళు వదిలాం. పెక్ దున్నుకున్నాడు. పాత తలుపు కుళ్ళిందని కొత్తది చెయ్యమన్నారు. చేసింది నేనే.

నన్ను కట్ట పనికి పెడతారని రాసినప్పుడు నువ్వు రాయించిన జవాబు నాకు కంఠతా వచ్చు. ఓడ మీద చనిపోయిన నా బిడ్డ బాజిల్‌ని సముద్రానికిచ్చాను, నా పొలాన్నీ దానికే ఇచ్చెయ్యి, తలుపు తిరగేసి బిగించు, చెయ్యలేదో, నేను నీకు అక్కని కాను అన్నావు. చదివేవారికి తెలియకపోవచ్చు. మా తూము తలుపు సముద్రం వైపుకే తెరుచుకుంటుంది, పోటు తోసినప్పుడు తనే మూసుకుంటుంది. తిరగేస్తే ఉప్పునీరు లోపలికొస్తుంది, మళ్ళీ బయటికి పోదు. ఉప్పు తాగిన నేలలో మూడేళ్ళు గింజ మొలవదు.

చేశానక్కా. నిన్న తలుపు తిరగేసి బిగించాను. ఇక నువ్వు కాస్త నిద్రపో.

నీ తోడబుట్టినవాడు,
ఆన్సెల్మ్ ట్రాహాన్.

తా.క. చదివేవారూ, ఈ ముక్క అక్క అన్నం తిన్నాక వినిపించండి.

అక్కా, పైన రాసింది సగమే నిజం. తలుపు తిరగేశాను. పోటు వచ్చింది. నీళ్ళు బుసకొడుతూ తూములోంచి పొలంలోకి నడిచాయి. మొదటి చాలు మునిగింది, రెండోది మునిగింది. ఇంగ్లీషువాడి పొలం అనుకుని చూద్దామని ఎంతో ప్రయత్నించాను. నాకు పొలమే కనబడింది. దూకి, తూము లోపలి మూతిలో గడ్డిపెళ్ళలు కుక్కి, వీపు ఆనించి కూర్చున్నాను. ఈ తలుపు పెట్టిన గాడిద ఎవడ్రా అని తిడుతూ మామ పరుగెత్తుకొచ్చాడు. నన్ను చూశాడు. తనూ దిగి నా పక్కనే వీపు ఆనించాడు. ఆటు వచ్చేదాకా ఇద్దరం నడుములోతు నీళ్ళలో ఉన్నాం. తర్వాత తలుపు సరిగ్గా తిప్పి బిగించాను.

నీకు అబద్ధం రాసి ఊరుకుందామనుకున్నాను. ఈ ఎనిమిదేళ్ళలో దొరలకీ సైనికులకీ ఎన్ని అబద్ధాలు చెప్పానో లెక్కలేదు. కట్ట గురించి మాత్రం చెప్పలేకపోయాను. ఇక నువ్వు నాకు అక్కవో కాదో నీ ఇష్టం. నీ మాట మీద రెండు చాళ్ళు సముద్రానికిచ్చాను. అంతకన్నా నావల్ల కాలేదు.