దిండు కింద దొరికిన గొట్టం

ఒరేయ్ రోడెల్,

నువ్వు పొగ పీల్చే ఇత్తడి గొట్టం నేనే పట్టుకుపోతున్నాను. వెతుక్కోకు. దాని బదులు బల్ల మీద నా సొంత వేప్ పెట్టాను. అది నీ 0.2 ఓమ్ కాయిల్‌ను కూడా తట్టుకుంటుంది, తేడా వస్తే తనంతట తానే ఆగిపోతుంది. ముందు వోల్టేజీ బాగా తగ్గించి పెట్టు, తర్వాత కొంచెం కొంచెం పెంచు. ఆ తొడుగు చిరిగిన బ్యాటరీ మళ్లీ వేశావో, చంపేస్తా.

రోజంతా ఈ-సిగరెట్లు అమ్మే వేప్ షాపులో నిలబడి ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్తాను, "కాయిల్ ఓమ్ తగ్గేకొద్దీ బ్యాటరీ మీద భారం పెరుగుతుంది, దాన్ని బట్టి మిషన్ కొనండి" అని. ఇంట్లో నా తమ్ముడేమో ఏ అడ్డూ ఆపూ లేని గొట్టానికి అదే కాయిల్ బిగించి, "పొగ చూడక్కా, మబ్బులా లేదూ!" అంటాడు. పాతికేళ్లొచ్చాయి, సిగ్గుండాలి.

కుండలో అన్నం, అడోబో కూర ఉన్నాయి. తిను. నేనెక్కే జీప్నీ వచ్చేసింది.

జోవెలిన్ అక్క

తా.క.: నువ్వు బాస్కెట్‌బాల్‌కి పోయాక దుప్పట్లు తీస్తుంటే గొట్టం దొరికింది. నీ తల బరువుకి బటన్ నొక్కుకుపోయినట్టుంది, ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. అమ్మ కంటపడకుండా దిండు మళ్లీ అలాగే సర్ది పెట్టాను. నువ్వు మాత్రం తిప్పి చూడు. కాలిన మచ్చ సరిగ్గా నీ చెవి ఆనే చోటుకి కిందే ఉంది.