ప్రెజర్ ఎంతుంటోంది?

హీటర్ల కంపెనీ ఇంజనీరమ్మ గారికి,

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీ సూపర్‌వైజరు నమస్కరించి రాయునది. నీళ్లు కాగడానికి మా తొట్టిలోకి బాయిలర్ నుంచి గొట్టంతో నేరుగా ఆవిరి వదులుతాం. వదిలిన దగ్గర్నుంచీ ఒకటే మోత, గోడలు కూడా అదురుతున్నాయి. ఉతికేవాళ్లు దగ్గరికి రామంటున్నారు. ఆసుపత్రి వాళ్లేమో దుప్పట్లేవని మనిషి మీద మనిషిని పంపుతున్నారు. ఏ హీటరు కొనాలో మీరే తేల్చండి. తప్పుది కొన్నానంటే యజమాని నన్ను ఉతికి ఆరేస్తాడు.

ఇట్లు,
నిద్రపట్టని సూపర్‌వైజరు

తా.క.: మోతకు మా గుమాస్తా బల్ల కిందికి దూరాడు. సంతకాలు అక్కడే పెడుతున్నాడు.

*

సూపర్‌వైజరు గారికి నమస్కారం.

కంగారు పడకండి. ఆవిరి బుడగలు నీళ్లలో ఒక్కసారిగా చితికినప్పుడు వచ్చే మోత అది. మా దగ్గర రెండు రకాలున్నాయి: సన్నటి రంధ్రాలతో తొట్టిలో మునిగి ఉండేది ఒకటి, గొట్టంలో పారే నీళ్లలో ఆవిరి కలిపేది ఒకటి. రెండూ పెద్దగా చప్పుడు చెయ్యవు.

ప్రెజర్ ఎంతుంటోంది? రోజంతా ఒకేలా ఉంటుందా, పని ఎక్కువైతే పడిపోతుందా?

మీ జవాబుకు ఎదురుచూసే
ఇంజనీరు

*

అమ్మా,

ఎన్ని కంపెనీలకు రాశానో! ప్రెజర్ గురించి ఇంత ఆప్యాయంగా అడిగింది మీరొక్కరే. పొద్దున నూట నలభై. యజమాని వచ్చాక నూట ఎనభై. పని ఎక్కువైతే పడిపోవడమా! ఇంకా ఎగబాకుతుంది.

మీ మేలు మరవని
సూపర్‌వైజరు

తా.క.: ఉప్పు వల్లేనని మా ఆవిడ అంటోంది. నిజమేనా?

*

సూపర్‌వైజరు గారూ,

హీటరు సంగతి తర్వాత. నూట ఎనభయ్యా! ఏ క్షణాన్నయినా పేలిపోవచ్చు. అంతా ఆపేయండి. చుట్టుపక్కల ఒక్కరూ నిలబడకూడదు. వెంటనే వాల్వు చూపించండి, పాతదైతే మార్పించండి.

ఇప్పుడు తానే కంగారు పడుతున్న
ఇంజనీరు

తా.క.: మీ ఆవిడ గారి మాట నిజమే, ఉప్పు లోపల గార కట్టేస్తుంది. పొట్ట మూత విప్పించి గీకించండి.

*

అమ్మా,

పేలిపోతానని మంచమెక్కాను. "దగ్గర నిలబడొద్దన్నారే, అవతలికి పో" అంటే మా ఆవిడ వింటేనా! "పేలితే ఇద్దరం పేలదాం, నడవండి" అని గుండె డాక్టరు దగ్గరికి లాక్కుపోయింది. వాల్వు చూడమన్నాను. బాగానే ఉందన్నాడు. పొట్ట మూత విప్పమన్నాను. గుమ్మం చూపించాడు.

సెలవు కోసం మీ ఉత్తరం యజమానికి పంపాను. ఆయన చదివి, "ఇది మనిషి సంగతి కాదురా, బాయిలర్ సంగతి!" అని మంట ఆర్పించాడు. విప్పిస్తే ఏముంది! బాయిలర్ వాల్వు గార పట్టి బిగుసుకుపోయి ఉంది. ఇవాళో రేపో పేలేదేనట. దాని పక్కనే మా వాళ్లంతా ఉతుకుతుంటారు. మోగే తొట్టిని చూసి హడలిపోయామే గానీ, నోరెత్తని దాన్ని ఎవరూ పట్టించుకోలేదమ్మా.

కొత్త వాల్వు పెట్టారు. బాయిలర్ ప్రెజర్ వంద, ఈసారి నాది కాదు. తొట్టిలో మునిగే రకం పంపండి.

మీ వల్ల బతికున్న
సూపర్‌వైజరు

తా.క.: ఎంత చెప్పినా మా ఆవిడ మిమ్మల్ని డాక్టరనే అనుకుంటోంది. హీటరు బిగించడానికి వచ్చినప్పుడు తన మోకాళ్లు కూడా ఒకసారి చూడమంటోంది.